సర్ ఎడమ చెయ్యి

జూన్ 16, సోమవారం

ఇవాళ సర్ మాట్లాడారు.

ముందు ఇది రాసేసి తర్వాత టీ తాగుతాను. మార్చిలో స్ట్రోక్ వచ్చినప్పటి నుంచి వెంకటేశ్వర్‌రావు సర్ నోట్లో మిగిలింది ఒక్కటే మాట: ‘అదే’. ఆకలైతే అదే, కోపమొస్తే అదే, టీవీ బంద్ చెయ్యమనాలన్నా అదే. మనం చెప్పేదంతా అర్థమవుతుంది. పేపర్ కూడా చదువుతారు. పోయింది కుడి చెయ్యి, కుడి కాలు, మాట. నేను స్పీచ్ థెరపిస్ట్‌ని కాబట్టి క్లినిక్‌లో ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మల కార్డులు చూపిస్తున్నాను. ఇదేంటి సర్, ఆవు. ఇదేంటి సర్, గ్లాసు. నైన్త్‌లో నాకు ఇంగ్లీష్ చెప్పిన మనిషికి నేను ఆవు బొమ్మ చూపించడమేంటి అని రోజూ సిగ్గుగానే ఉంటుంది.

ఇవాళ విసుగొచ్చి కార్డులు పక్కన పడేశాను. ఇద్దరం ఊరికే కూర్చున్నాం. ఆయన ఎడమ చేత్తో టేబుల్ మీద కొట్టారు. మూడు దెబ్బలు, మొదటిది గట్టిగా. క్లాసులో చేసిందే! పొడుగు మాట వచ్చిందంటే డస్టర్ తీసుకుని బల్ల మీద కొట్టి ముక్కలు చేసేవారు. స్ట్రెస్ పెట్టి ఒత్తి పలికే ముక్క దగ్గర ఎంత గట్టిగా కొట్టేవారంటే ముందు బెంచీ వాళ్ల ముఖాలన్నీ సుద్దపొడి. కంఫర్టబుల్‌ని మేం నాలుగు కొట్టేవాళ్లం. ఆదిలాబాద్ జిల్లా మొత్తం నాలుగే కొడ్తది, గా ఇంగ్లీషోడేమో మూడే కొడ్తడు, ఎట్ల చెయ్యాల్నే మీతోని అని తల పట్టుకునేవారు.

ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని మళ్లీ కొట్టించాను, నేను పైకి అంటూ. ముందు పెదవులు కదిలాయి. తర్వాత గాలి వచ్చింది. తర్వాత మాట వచ్చింది. కంఫ్-ట-బుల్. మూడు ముక్కలు, శుభ్రంగా.

బయట కూర్చున్న ఆయన భార్య లీలాబాయి గారు పరుగెత్తుకొచ్చారు. ఏమన్నరు బిడ్డా, ఏమన్నరు అని. కంఫర్టబుల్ అన్నారని చెప్పాను. గదేంది, అన్నం అనరాదా, నీళ్లు అనరాదా అని నవ్వుతూనే ఏడ్చేశారు. సర్ కూడా ఏడ్చారు. నేను మాత్రం ప్రొఫెషనల్‌గా కూర్చుని, వాళ్లు వెళ్లాక ఏడ్చాను.

జూన్ 27, శుక్రవారం

రెస్పాన్సిబుల్. ఇంపాజిబుల్. ఇవాళ అన్‌కంఫర్టబుల్.

పేపర్ మీద రాసి ఇస్తే ముందు బొటనవేలితో అన్‌ని మూశారు. మిగిలింది పలికారు. వేలు తీసి మొత్తం పలికారు. ముందు అతికించింది వేరు, అసలు మాట వేరు, వెనక తోక వేరు అని నాకే మళ్లీ పాఠం. పేషెంట్ కుర్చీలో కూర్చున్నా టీచర్ టీచరే.

తెలుగు మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. నాకు తోచింది రాస్తాను, ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ లేదు. తెలుగు మాట చదును నేల మీద నడుస్తుంది. ఇంగ్లీష్ మాటలో ఒక ముక్క మెట్టులా ఎత్తుగా ఉంటుంది, ఆయన నాలుక ఆ మెట్టు పట్టుకుని ఎక్కుతోంది. ఇంకోటి కూడా తేలింది. చెయ్యి కొట్టకపోతే ఏమీ రాదు. చెయ్యి ఆపి చూశాను. మళ్లీ అదే, అదే.

జులై 4, శుక్రవారం

లీలా అన్నారు.

చెయ్యి కొట్టుకుంటూ, లీ దగ్గర గట్టిగా, అచ్చం ఇంగ్లీష్ మాటలాగ. ఆవిడ గోడ వైపు తిరిగి నిలబడ్డారు, చాలాసేపు ఇటు తిరగలేదు. పెళ్లయినప్పటి నుంచి ఒక్కసారి కూడ పేరు పెట్టి పిలువలే బిడ్డా, ఏమే, వింటున్నవా, అంతే అని ఆటో ఎక్కేటప్పుడు చెప్పారు.

నేను గొప్పదాన్ని. ఇవాళ ఒక్కరోజు ఇలా రాసుకుంటాను.

జులై 22, మంగళవారం

భోజనానికి పిలిచారు. జొన్నరొట్టె, శనగపిండి పిట్ల, పక్కన మిరపకాయలు దంచిన ఠేచా. కడుపు నిండా తిన్నాను. తినకుండా ఉండాల్సింది.

తిన్నాక లీలాబాయి గారు, కొడుకు తారక్ ఇద్దరూ ఎదురుగా కూర్చున్నారు. సర్‌ను మెడికల్ బోర్డుకు పిలుస్తున్నారట. ఇక బడికి పనికిరాడని బోర్డు రాస్తే రిటైర్మెంట్ ఇచ్చి కొడుక్కి ఉద్యోగం ఇస్తారట. కోలుకుంటాడని రాస్తే లీవు మీద లీవు, జీతం లేదు, ఉద్యోగమూ లేదు. తారక్ డిగ్రీ అయింది, పరీక్షలు రాస్తూనే ఉన్నాడు, పత్తి సీజన్ వస్తే జిన్నింగ్ మిల్లులో కాంటా దగ్గర నిలబడతాడు. సీజన్ అయిపోతే ఇంట్లోనే. ఆ పిల్లవాడు నా ముఖం కూడా చూడలేదు, అక్కా మీ ఇష్టం అన్నాడంతే.

ఆవిడ మాత్రం దాచుకోలేదు. ఆడ వొయ్యి ఈయన నాలుగు ఇంగ్లీష్ ముక్కలన్నరంటె పోరని నోట్ల మన్ను పడ్డట్టె బిడ్డా అన్నారు. బోర్డు వాళ్లు థెరపిస్ట్ రిపోర్ట్ అడుగుతారట. జర చూసి రాయి అన్నారు.

సర్‌ని అడిగారా అన్నాను. ఆయనకేం చెప్తం, చెప్తె పరేషానయితరు, మల్ల బీపీ లేస్తది అన్నారు. సర్ పక్క గదిలోనే ఉన్నారు. అంతసేపూ టీవీ మోగింది, ఆ మాట దగ్గర ఆగిపోయింది. మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నేను లేచి ఆ గదిలోకి వెళ్లొచ్చు. నాలుగడుగుల దూరం. చూసి చెప్తానమ్మా అని చెప్పులేసుకుని వచ్చేశాను.

జులై 24

అమ్మీకి చెప్పాను. జానే దే బేటీ, పోనీలే, ఒక ఇల్లు నిలబడుతుందంటే నీదేం పోయింది అంది.

ఆగస్ట్ 5, మంగళవారం, ఉదయం 11

టెస్ట్ చేశాను. ఇప్పుడే వెళ్లారు.

రూల్ ప్రకారం సాయం లేకుండా ఎంత మాట్లాడతారో చూడాలి. సాయంతో ఎంత మాట్లాడతారో కూడా చూడాలి, అది వేరే కాలమ్. నేను మొదటిది మాత్రమే చేశాను. బొమ్మలు తీశాను, ఆవు, గ్లాసు, గొడుగు. ఆయన ఆశ్చర్యపోయి నా వైపు చూశారు, మళ్లీ ఇదేంటన్నట్టు. ఎడమ చెయ్యి టేబుల్ మీదకి వచ్చింది. నేను లీలాబాయి గారితో, అమ్మా, సర్ చెయ్యి కొంచెం పట్టుకోండి, కదిలితే టెస్ట్ పాడవుతుంది అన్నాను.

ఆవిడ పట్టుకున్నారు. రెండు చేతులతో, ఒళ్లో పెట్టుకుని, ప్రేమగానే.

ఆయన గుంజుకున్నారు. ఆవిడ వదల్లేదు. అదే, అన్నారు. అదే, అదే, అదే. చివరికి మెడ నరాలు లేచాయి. నేను పెన్ను పట్టుకుని ఒక్కొక్క బొమ్మకీ సున్నా వేశాను.

స్పీచ్, అన్‌ఇంటెలిజిబుల్, అంటే మాట అర్థం కాదు. సంతకం. స్టాంప్.

ఆగస్ట్ 6

అబద్ధమేమీ రాయలేదు. చెయ్యి లేకుండా ఆయనకు మాట రాదు, అదే రాశాను. రెండో కాలమ్ ఖాళీగా వదిలేశాను. ఖాళీ అబద్ధం కాదు.

ఆగస్ట్ 6, సాయంత్రం

పొద్దున రాసింది కొట్టేయాలనిపించింది. ఉండనీ. ఎంత తెలివైనదాన్నో నాకే తెలియాలి.

ఆగస్ట్ 13, బుధవారం

బోర్డు అయింది. వరసగా రాస్తాను, లేకపోతే నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

నన్ను కూడా రమ్మన్నారు, ఏమైనా అడిగితే చెప్పడానికి. కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాం, సర్ మధ్యలో. తారక్ టోకెన్ కోసం లైన్‌లో ఉన్నాడు. ఆధార్ జిరాక్స్ తక్కువైందని లీలాబాయి గారు ఫైల్‌ని సర్ ఒళ్లో పెట్టి బయటికి పరుగెత్తారు. అందులో పైనున్నది నా రిపోర్ట్. నేను ఫైల్ తీసుకుందామని చెయ్యి చాపేలోపే సర్ తెరిచారు.

టీచర్ చదివినట్టు చదివారు. పై నుంచి కిందికి, వేలు పెట్టి. వేలు ఒక చోట ఆగింది. తర్వాత ఆ చెయ్యి ఫైల్ మీద లేచి కొట్టింది. అన్. ఇన్. టెల్. లి. జి. బుల్. టెల్ దగ్గర గట్టిగా, తప్పు లేకుండా, క్లాసులో లాగ గొంతు పెంచి. పక్క బెంచీ ముసలాయన తిరిగి చూశాడు. ఇంత పొడుగు మాట నేను ఆయనకు ఎప్పుడూ ఇవ్వలేదు.

అప్పుడే లీలాబాయి గారు వచ్చారు. జిరాక్స్ కాగితాలు కింద పడేసి ఆయన నోటి మీద చెయ్యి పెట్టారు. చుప్ ఉండుండ్రి, జర చుప్ ఉండుండ్రి, మీ కాళ్లు మొక్కుత అన్నారు. సర్ బొటనవేలితో ఆ మాటలో మొదటి ముక్క మూశారు, ఇంటెలిజిబుల్ మిగిలింది. మూసి నా వైపు చూశారు. కోపంగా చూసుంటే బాగుండేది. క్లాసులో ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగినప్పుడు ఎలా చూసేవారో అలా చూశారు. నేను ఎదురుగా గోడ మీద టీకాల పోస్టర్ ఉంటే దాన్ని చదవడం మొదలుపెట్టాను.

పేరు పిలిచారు.

లోపల టేబుల్ వెనక డాక్టర్లు. మీ పేరేంటి మాస్టారూ అని ఒకాయన మర్యాదగా అడిగాడు. కొడతారు, మాట్లాడతారు, అయిపోతుంది, నా రిపోర్ట్ నా ముఖాన పడుతుంది అనుకున్నాను. నిజం రాయాలి. కొట్టండి సర్ అని కూడా అనుకున్నాను. భయమూ ఆ కోరికా రెండూ ఉన్నాయి.

సర్ ఎడమ చెయ్యి మెల్లగా ఎత్తి తన తొడ కింద పెట్టుకున్నారు. దాని మీద కూర్చున్నారు. అదే, అన్నారు.

అది ఎవరూ గమనించలేదు, నేను తప్ప. థెరపీ వల్ల ఏమన్నా ఇంప్రూవ్‌మెంట్ ఉందామ్మా అని డాక్టర్ నన్ను అడిగాడు. మినిమల్ సర్ అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది.

ఆటోలో లీలాబాయి గారు నా చెయ్యి పట్టుకుని నీ రుణం తీర్చుకోలేం బిడ్డా అన్నారు. సర్ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. చెయ్యి ఇంకా తొడ కిందే ఉంది.

ఆగస్ట్ 14

రేపు క్లినిక్‌లో జెండా ఎగరేస్తారట, స్వీట్ల డ్యూటీ నాకే పడింది. సర్ గురించి రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబర్ 18, గురువారం

తారక్ వచ్చాడు, ఒక్కడే. కొన్నాళ్లు థెరపీ ఆపుదాం అక్కా అన్నాడు. ఆర్డర్ వచ్చేదాక. గల్లీల ఎవ్వడన్న విని కంప్లయింట్ ఇస్తె అంతే సంగతులు అన్నాడు.

నాకు తెలుసు కదా. స్ట్రోక్ తర్వాత మొదటి ఏడాదే అసలు టైమ్. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు, పోయింది పోయినట్టు. ఇది పేషెంట్ల ఇళ్ల వాళ్లందరికీ నేనే బోర్డు మీద గీసి మరీ చెప్తాను. తారక్‌కి చెప్పలేదు. సరే తమ్మీ అన్నాను.

గుమ్మం దగ్గర నిలబడి ఇంకో మాట చెప్పాడు. బాపు బాత్రూంల తలుపేసుకుని బకెట్ మీద కొట్టుకుంటుండు అక్కా, అమ్మ తలుపు కొడితె ఆపేస్తుండు, పిచ్చి గిట్ల పట్టలేదు గద అని. పట్టలేదు అన్నాను. వాడికి నిజంగా అర్థం కాలేదా, అర్థమై నాకు చెప్పడానికే వచ్చాడా?

సెప్టెంబర్ 19

బకెట్.

ఇవాళ ఇద్దరు పేషెంట్లని పంపేశాను, తలనొప్పి అని చెప్పి.

నవంబర్ 10, సోమవారం

మార్కెట్ రోడ్డంతా పత్తి బండ్లు. మా స్కూటీ ఆగిపోయింది, పక్కన వాళ్ల ఆటో కూడా ఆగింది. సర్ చూశారు. నమస్తే సర్ అన్నాను. ఆయన తల కూడా ఊపలేదు. పత్తి దూది గాలికి వచ్చి ఆయన మఫ్లర్ మీద పడితే ఎడమ చేత్తో దులుపుకున్నారు, ఆ చెయ్యి మళ్లీ తొడ కిందికి పోయింది. ట్రాఫిక్ కదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ముందుకీ పోలేను, వెనక్కీ పోలేను. హారన్ కొడుతూ నిలబడ్డాను, ఎవరి మీద కోపమో.

డిసెంబర్ 15

కొత్త పేషెంట్ వచ్చింది, భైంసా నుంచి, స్ట్రోకే. భర్త అన్నిటికీ ముందే జవాబు చెప్తున్నాడు. మీరు బయట కూర్చోండి అని గట్టిగా అరిచాను. ఆయన భయపడిపోయాడు పాపం.

జనవరి 7, బుధవారం

తారక్‌కి ఆర్డర్ వచ్చింది. జూనియర్ అసిస్టెంట్, నిర్మల్ దగ్గర ఒక బడిలో. కలాకంద్ డబ్బాతో తల్లీకొడుకులు క్లినిక్‌కు వచ్చారు. తారక్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, ముఖం తేటగా ఉంది, మొదటిసారి నా కళ్లలోకి చూసి మాట్లాడాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. రావాలని చూశాను.

ఇగ ఫికర్ లేదు బిడ్డా, ఇగ మల్ల మొదలుపెట్టు, ఆయనను మాట్లాడిపియ్యి అన్నారు లీలాబాయి గారు. ట్యాప్ కట్టేసి మళ్లీ తిప్పినట్టు. నా నోట్లో కలాకంద్ ఉంది, మింగలేక ఉమ్మలేక తలూపాను.

జనవరి 9, శుక్రవారం

వాళ్లింటికే వెళ్లాను. సర్ కుర్చీలో ఉన్నారు, చెయ్యి తొడ కింద. రండి సర్, మొదలుపెడదాం అన్నాను, చాలా హుషారుగా, నా గొంతు నాకే అసహ్యమేసేలా.

చెయ్యి తీయలేదు. నేనే టేబుల్ మీద కొట్టాను. కంఫ్-ట-బుల్. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. లీలా అని కొట్టాను. లీలాబాయి గారు ఆశగా ముందుకు వంగారు. ఏమీ లేదు. ఇదివరకు అన్నదైనా అనడం లేదు, ‘అదే’ కూడా లేదు. ఎన్నడో బంద్ చేసిండ్రు బిడ్డా, దీపావళి సంది ఒక్క అక్షరం లేదు అన్నారు ఆవిడ. అంటూనే ఆయన భుజం పట్టి చెయ్యి బయటికి లాగబోయారు. ఆయన బిగబట్టారు. ఆవిడకి కోపమొచ్చి మరాఠీలో ఏదో అరిచి వంటింట్లోకి పోయారు. ఏడుపు వినిపించింది.

ఆవిడ తప్పు ఎంతో నాకు తెలీదు. నా తప్పు మాత్రం తెలుసు. ఆవిడకి చెయ్యి పట్టుకొమ్మని చెప్పింది నేను. ఆ చెయ్యే ఆయన నోరని అప్పటికి ఆవిడకి తెలీదు, నాకు తెలుసు.

జనవరి 10, శనివారం

నిద్ర లేచినప్పటి నుంచి ఒకటే. ఆయనకి చెయ్యి లేకపోతే మాట లేదని కనిపెట్టింది నేనే, కనిపెట్టినందుకు సంబరపడింది నేనే, దాన్ని ఎక్కడ పట్టుకుంటే ఆగిపోతుందో తెలిసింది నా ఒక్కదానికే. ఇంకెవరూ ఈ పని చేయగలిగేవాళ్లు కాదు. వాళ్లకి కావలసింది ఒక సంతకం, నేను దాని కోసం ఒక మనిషి నోరు మూశాను. పైగా క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదు, ఎందుకంటే ఆయన ఏమీ అనలేరు, అనలేని మనిషిని క్షమాపణ అడగడం మరీ తేలిక.

అమ్మీ అంది, ఆ ఇల్లు నిలబడింది కదా అని. అవును, నిలబడింది. నిలబడినందుకు సంతోషంగా కూడా ఉంది, అదే ఇంకా చిరాకు.

క్షమాపణ కాదు. అడగాల్సింది వేరే ఉంది. జులైలో ఆ నాలుగడుగులు వేసి అడగాల్సింది.

జనవరి 11, ఆదివారం

వెళ్లాను. లీలాబాయి గారిని బయట కూర్చోమన్నాను. కార్డులు లేవు, టేబుల్ లేదు. కింద కూర్చుని అడిగాను. సర్, ఆ ఉద్యోగం తారక్‌కి ఇవ్వడం మీకు ఇష్టమేనా అని.

ఆయన కిటికీ వైపు తిరిగారు. వెళ్దామని లేచాను.

అడిగితే, అన్నారు. తెలుగులో. చెయ్యి తొడ కిందే ఉంది. పెదవులు మళ్లీ కదిలాయి. చెమటలు పట్టాయి ఆయనకి.

ఇచ్చేటోణ్ని, అన్నారు.